రెండేళ్ళ చదువు – ముప్పై రెండేళ్ళ కొలువు

ఈ ప్రత్యేక సంచికకు ఎవరు పనిచేసిన శాఖ చరిత్ర వారు రాసి ఇవ్వాలని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. నేను 1965లో ఎల్.డి.సి.గా చేరి, 2002 జూలై ఆఖరున పదవీ విరమణ చేసేవరకు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలలోనే పనిచేశాను. నాలుగు జిల్లాలు తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఒకటే పలకరింపు: "మీరు ఉద్యోగాలిచ్చే ఆఫీసులో పనిచేస్తారట కదండీ!" ఔనంటే అబద్ధం, కాదంటే నమ్మరు. అందుచేత ముందుగా మా శాఖ సంగతి రెండు ముక్కలు చెప్పి, నేను అసలు చెప్పదలచిన చరిత్రలోకి వస్తాను. అది మా శాఖ చరిత్ర కాదు. మా శాఖ చేయలేని పనిని జీతం భత్యం లేకుండా చేసిన వారి చరిత్ర. అందులో మా ఇంటి కథ కూడా కొంత కలిసి ఉంది. పెద్దలు మన్నించాలి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, సైన్యం నుంచి విడుదలై వచ్చే సిపాయిలకు పని చూపించడం కోసం 1945లో ఈ ఎక్స్ఛేంజిలు పెట్టారు. దేశ విభజన తరువాత కాందిశీకులు కూడా వచ్చి చేరారు. 1948లో అందరికీ తలుపులు తెరిచారు. 1956 నవంబరు 1న వీటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అవతరించిందీ ఆ రోజునే కాబట్టి, మా పాత సూపరింటెండెంటు ఒకాయన "మనమూ రాష్ట్రమూ కవలపిల్లలం" అని మురిసిపోయేవారు. 1959లో వచ్చిన చట్టం ప్రకారం యజమానులు ఖాళీలను మాకు తెలియజేయవలసి ఉండేది. తెలియజేయాలి అన్నదే గాని, మేము పంపినవారినే తీసుకోవాలని ఆ చట్టంలో ఎక్కడా ఉండేది కాదు. ఈ ముక్క కౌంటరు దగ్గర ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్నవారు తక్కువ.

మా దగ్గర పని కార్డులతో నడిచేది. అభ్యర్థి వివరాలు రాసి మా ట్రేలో పెట్టుకునేది ఎక్స్-1 కార్డు, అతని చేతికి ఇచ్చేది ఎక్స్-10 కార్డు. చదువు, వయసు, కులం, వచ్చిన పని, రిజిస్ట్రేషన్ తేదీ అన్నీ అందులో ఉండాలి. ఖాళీ వచ్చిందంటే ట్రే తీసి, అర్హత చూసి, సీనియారిటీ చూసి పేర్లు పంపేవాళ్ళం. రెన్యూవల్ తేదీ మరిచిపోయి సీనియారిటీ పోగొట్టుకున్నవాళ్ళ ఏడుపులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. సరే, కార్డుంటే పేరు ఎప్పటికో ఒకప్పటికి వెళ్ళేది. కాని కార్డు మీద రాయడానికి ఏమీ లేనివారి మాటేమిటి? నాలుగో తరగతితో బడి మానిపించి పెళ్ళి చేసిన పిల్ల, భర్త పోయిన పిల్ల, భర్త వదిలేసిన పిల్ల వచ్చి కౌంటరు ముందు నిలబడితే, 'నైపుణ్యం లేని పనివారు' అనే ట్రేలో ఒక కార్డు పెట్టేవాళ్ళం. ఆ ట్రే మీద దుమ్ము దులపడం తప్ప నేనున్న చోట్ల దానితో పెద్దగా పని పడేది కాదు.

ఈ ఖాళీని చూసినవారు మా శాఖ పుట్టకముందు నుంచీ ఉన్నారు. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారని బడిలో అందరం చదువుకున్నదే. తరువాత ఆయన వితంతువులకు శరణాలయం కూడా నడిపారన్న సంగతి అంతగా గుర్తుండదు. అందరికీ పెళ్ళి కుదరదు, కుదిరినా అందరూ ఇష్టపడరు. నీడా చదువూ రెండూ కావాలి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో శారదా నికేతనం పెట్టినప్పుడు కూడా ఆడవాళ్ళకు చదువుతోపాటు నిలదొక్కుకునే దారి చూపడమే ఉద్దేశం. 'మాలపల్లి' నవలా రచయితగా ఆయన్ని తలుచుకున్నంతగా ఈ నికేతనం నడిపినవాడిగా తలుచుకోము.

మద్రాసులో జరిగిన సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. అక్కడ సుబ్బలక్ష్మి అనే ఆవిడ పదకొండేళ్ళకు పెళ్ళయి, కొద్దికాలానికే వితంతువైంది. తండ్రి ఎదురీది చదివించగా 1911లో బి.ఏ. ప్యాసయింది. ఆ రోజుల్లో ఆడపిల్లల బడులకు పంతులమ్మలు దొరకడం లేదని ప్రభుత్వం వారి బాధ. చదువుకున్న కుటుంబాలలో పెళ్ళయిన స్త్రీని బయటికి పంపరు. ఇళ్ళల్లో మూల కూర్చున్న బాలవితంతువులేమో ఎంతమందో. ఈ రెంటినీ కలిపితే ఒకటి తీరుతుందని కనిపెట్టి 1912లో ఆవిడ ఒక వసతిగృహం ప్రారంభించింది. తరువాత అది ట్రిప్లికేన్ సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్‌లోకి మారింది. అక్కడ చదివిన పిల్లలు పంతులమ్మలయ్యారు. ఎక్కడ కొలువు ఖాళీగా ఉందో, ఎక్కడ మనిషి ఖాళీగా ఉందో చూసి ఆ రెంటి మధ్య మెట్టు కట్టడం ఆవిడకు తెలిసింది. మా శాఖవారు తరువాత పెద్ద పెద్ద మాటల్లో రాసుకున్న సూత్రమిదే. కాకపోతే మేము మెట్టు కట్టలేదు, రెండు పక్కలా లెక్క మాత్రం రాశాం.

ఇక దుర్గాబాయమ్మగారి సంగతి. మా గోదావరి జిల్లాల వాళ్ళం ఆవిడ పేరు ఎత్తితే కొంచెం పొడుగ్గానే మాట్లాడతాం. 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్ళి. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్ళనని భర్తతోనే చెప్పి, ఆయన్ని వేరే పెళ్ళి చేసుకోమన్నారు. కాకినాడలో తాను నేర్చుకున్న హిందీని చుట్టుపక్కల ఆడవాళ్ళకు నేర్పడానికి చిన్నపిల్లగా ఉండగానే బడి పెట్టారు. 1923 కాకినాడ కాంగ్రెసులో వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఖద్దరు ప్రదర్శన గుమ్మంలో ఆపేసిన కథ మన మనవలు కూడా చెబుతారు. అది వదిలేద్దాం. నాకు ఇష్టమైన కథలు వేరే రెండున్నాయి.

మొదటిది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో జైలుకెళ్ళి వచ్చాక, ఆవిడ కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ ప్రయివేటుగా ప్యాసయ్యారు. బి.ఏ. చదవాలని వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి రాస్తే, ఆడపిల్లలకు హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోలేమని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఇంకొకరైతే ఆ ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టుకుందురు. ఆవిడ పత్రికలో ప్రకటన వేశారు. హాస్టలు లేక చదువు ఆగిన ఆడపిల్లలు ఉంటే రాయవలసిందని. రాసినవారిని పోగుచేసి, తామే వసతి ఏర్పాటు చేసుకొని, ఇప్పుడు చేర్చుకుంటారా అని అడిగారు. చేర్చుకోక తప్పలేదు. ఆఫీసువారు 'లేదు' అన్నదాన్ని తెచ్చి ముందు పెట్టి మళ్ళీ అడగడం ఆవిడ పద్ధతి. నేను ఆ 'లేదు' అనే కుర్చీలో ముప్పై ఏడేళ్ళు కూర్చున్నవాణ్ణి కాబట్టి ఈ కథ విలువ నాకు తెలుసు.

రెండో కథ. ఆవిడ వద్దనుకొని వచ్చిన ఆ భర్త వేరే పెళ్ళి చేసుకున్నారు. కొన్నేళ్ళకు ఆయన చనిపోయారు. ఆ రెండో భార్య దిక్కులేనిదైంది. దుర్గాబాయమ్మ ఆవిడను తన దగ్గరకు తెచ్చుకొని, తన సంస్థలోనే పని నేర్పించి, సొంత కాళ్ళ మీద నిలబడేట్టు చేశారు. లోకం దృష్టిలో వీళ్ళిద్దరూ ఏమవుతారో చెప్పడానికి మన భాషలో ఉన్న మాట మంచిది కాదు. దుర్గాబాయమ్మ మాత్రం ఆవిడను చదువుకోవలసిన ఇంకొక ఆడమనిషిగా చూశారు, అంతే.

ఆ సంస్థే ఆంధ్ర మహిళా సభ. మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల ఆడపిల్లలను పోగుచేసిన చిన్న బృందంతో మొదలై 1937లో సభగా రూపం కట్టింది. కాశీ మెట్రిక్ పరీక్షకు బడికి వెళ్ళకుండా కూర్చోవచ్చు. ఆ ఒక్క సందు పట్టుకొని, పెద్ద వయసు ఆడవాళ్ళను పరీక్షకు తయారుచేయడం మొదలుపెట్టారు. తెలిసినవారు వచ్చి ఉచితంగా పాఠం చెప్పేవారు. పక్కన కుట్టుపని, నేత. తరువాత ప్రసూతి వైద్యశాల, దానికి అనుబంధంగా నర్సుల శిక్షణ. సభ పెద్దదై హైదరాబాదుకు కూడా విస్తరించిన చరిత్ర వేరే పుస్తకానికి సరిపోతుంది.

దుర్గాబాయమ్మ రాజ్యాంగ సభలో సభ్యురాలై, ఆపైన ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆవిడే. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయం చేయడానికి 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ప్రభుత్వమే అన్నీ చేయలేదు, ఊళ్ళో చేసేవారు ఉన్నారు, వారికి ఆసరా ఇవ్వాలి అన్నది ఆవిడ వాదన. అయితే పల్లెల్లో పని మొదలుపెట్టేసరికి పాత చిక్కే మళ్ళీ ఎదురైంది. గ్రామసేవికలు కావాలి, మంత్రసానులు కావాలి, నర్సులు, పంతులమ్మలు కావాలి. పోస్టులున్నాయి, డబ్బుంది, చదువుకున్న ఆడవాళ్ళు లేరు. పట్నంలో చదువుకున్నవారు పల్లెకు రారు. పల్లెలో ఉండేవారికి చదువు లేదు.

అప్పుడు వచ్చింది 1958లో 'కండెన్స్‌డ్ కోర్సు'. మా ఊళ్ళల్లో దాన్ని 'రెండేళ్ళ చదువు' అనేవారు. కొద్దిగా అక్షరజ్ఞానం ఉండి మధ్యలో బడి మానిన పెద్ద వయసు స్త్రీలకు, మిగిలిన తరగతులన్నీ రెండేళ్ళలో చెప్పి పరీక్షకు కూర్చోబెట్టడం. వితంతువులకు, భర్త వదిలినవారికి, పేదవారికి ప్రాధాన్యం. బోర్డు గ్రాంటు ఇచ్చేది, స్థానిక మహిళా మండలి గాని మరో సంస్థ గాని నడపవలసి ఉండేది. కాగితం మీద ఇంతే. కాగితం కింద ఎంత ఉందో మా అక్కయ్య వల్ల నాకు తెలిసింది.

మా అక్కయ్య నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఐదో తరగతితో చదువు మానిపించారు. పదహారో ఏట పెళ్ళి. 1957లో టైఫాయిడు వచ్చి బావగారు పోయారు. అప్పటికి అక్కయ్యకు పందొమ్మిదేళ్ళు, చేతిలో ఎనిమిది నెలల పిల్ల. నాకు పదమూడు. అత్తవారు పసుపు కుంకాల చీర ఇచ్చి పంపినదాన్ని, తెల్ల చీర కట్టించి పంపించారు. మా ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అలా అని ఎవరూ ఏమీ మాట్లాడలేదు కూడా. పొద్దున్నే లేచి పని చేసేది, సాయంత్రం వెనక గదిలో కూర్చునేది. నా తెలుగు వాచకం తీసుకుని చదువుతుండేది. నా లెక్కలు నాకంటే ముందు చేసేది. ఆ విషయం బడిలో చెప్పకు అనేది.

మా ఊరికి పది మైళ్ళ దూరంలోని పట్నంలో ఒక మహిళా మండలి ఉండేది. దాని అధ్యక్షురాలు ఒక ప్లీడరుగారి భార్య. ఆవిడ 1959 వేసవిలో బండి కట్టించుకొని ఊరూరా తిరిగారు. రెండేళ్ళ చదువుకు పాతికమంది కావాలి, ఎక్కడ వెతకాలి? వితంతువుల పేర్లు ఎవరి దగ్గర ఉంటాయి? ఊళ్ళో పురోహితుడి దగ్గర, మంత్రసాని దగ్గర, చాకలి దగ్గర. అలా కనుక్కుని మా గుమ్మంలోకి వచ్చారు. నాన్నగారు అరుగు మీద కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, "మా ఇంటి ఆడపిల్ల ఉద్యోగం చేసి బతకవలసిన గతి పట్టలేదమ్మా" అన్నారు. ఆవిడ కోపగించుకోలేదు. "మీరున్నన్నాళ్ళూ పట్టదు బాబుగారూ" అని ఊరుకున్నారు. ఆ తరువాత నెల వ్యవధిలో మూడుసార్లు వచ్చారు. మూడోసారి తన వెంట ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారిని తెచ్చారు. ఆయన మా నాన్నగారికి చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు. ఆ మాస్టారే ఇప్పుడు మండలిలో ఊరికే లెక్కలు చెబుతున్నారట. నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆ రోజు ఇంక కాదనలేకపోయారు.

"పిల్లని నేను చూసుకుంటాను, నువ్వు వెళ్ళు" అంది అమ్మ. అమ్మ అంత గట్టిగా మాట్లాడడం నేను అదే వినడం.

చేర్చుకోవడానికి పుట్టిన తేదీ రుజువు కావాలి, ఐదో తరగతి సర్టిఫికెట్టు కావాలి. ఆడపిల్ల పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికి గుర్తు? గోదావరికి వరద వచ్చిన ఏడు అన్నది అమ్మ. మాస్టారు కరణంగారి దగ్గర జనన రిజిస్టరు తీయించి నకలు రాయించారు. బడి సర్టిఫికెట్టు కోసం నేనూ ఆయనా వెళ్ళాం. అక్కయ్య పెట్టె నేను మోసుకెళ్ళి మండలి హాల్లో దించాను. ఇరవై ముగ్గురు ఉన్నారు అక్కడ. అందరికీ ఒకటే హాలు. అక్కడే చదువు, అక్కడే పడక. వంటకు వంతులు. బోర్డు గ్రాంటు వేళకు వచ్చేది కాదు. ఆ నెలల్లో మండలి సభ్యులు ఇంటింటికీ తిరిగి గుప్పెడేసి బియ్యం పోగుచేసేవారట. ఇంగ్లీషు చెప్పేవారు కోర్టులో గుమాస్తా ఒకాయన, సాయంత్రం ఆఫీసు అయ్యాక వచ్చేవారు. సైన్సుకు ఆసుపత్రి నర్సమ్మ. వీళ్ళలో ఎవరి పేరూ ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండదు. బియ్యం లెక్క రాసిన పుస్తకం కూడా ఎప్పుడో చెదలు పట్టి ఉంటుంది.

దసరా సెలవులకు అక్కయ్య ఇంటికి వస్తే పిల్ల తల్లిని గుర్తు పట్టలేదు. అమ్మ కొంగు వెనక దాక్కుంది. అక్కయ్య ఆ రాత్రి పుస్తకాలన్నీ మూటకట్టి అటక మీద పడేసింది. ఇంక వెళ్ళనంది. సెలవులు అయిపోయి నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజున మండలి నుంచి ఇద్దరు వచ్చారు, అధ్యక్షురాలు కాదు, అక్కయ్యతో చదువుతున్నవాళ్ళే. వాళ్ళలో ఒకావిడ తన కొడుకును అత్తవారి దగ్గర వదిలి వచ్చిందట, చూడనివ్వరట. ఆవిడ ఏమీ బోధ చేయలేదు. అటక మీద నుంచి మూట దింపి, పిల్లను చంకనేసుకొని, "దీన్నీ తీసుకుపోదాం, పదిమందిమి ఉన్నాం, పెంచలేమా?" అంది. అలా మా మేనకోడలు రెండేళ్ళ వయసులో ఆ హాల్లో ఇరవై ముగ్గురు తల్లుల మధ్య పెరిగింది. అధ్యక్షురాలు నిబంధన ఒప్పుకోదని ముందు కొంచెం గునిశారు గాని, తరువాత తమ ఇంటి నుంచి ఆవుపాలు పంపించారు.

అక్కయ్య 1961లో మెట్రిక్ ప్యాసయింది. ట్రైనింగు పూర్తిచేసి, 1964లో పంచాయతీ సమితి బడిలో పంతులమ్మగా చేరింది. 1996లో రిటైరయ్యే నాటికి ముప్పై రెండేళ్ళ సర్వీసు. మొదటి జీతంలో అమ్మకు చీర కొంది, మాస్టారికి కళ్ళజోడు కొనిపెట్టింది. నాన్నగారికి ఏమీ కొనలేదు. ఆయన అడగలేదు. ఆయన చివరి పదేళ్ళూ ఉన్నది మాత్రం అక్కయ్య దగ్గరే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. 1969లో నేనున్న ఆఫీసు కౌంటరు దగ్గరకు ఒకావిడ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. భర్త వదిలేశాడు. నాలుగో తరగతి. ఆ రోజు ఏవో పోస్టులకు పేర్లు పంపుతున్నారని పుకారు పుట్టి గేటు దాకా వరుస ఉంది. ఆవిడ చేతిలో ఒక్క కాగితమూ లేదు. నేను తల ఎత్తకుండానే, "సర్టిఫికెట్టు తెచ్చుకో అమ్మా, తరువాతి వారు రండి" అన్నాను. ఆవిడ పక్కకు జరిగి, కాసేపు అక్కడే గోడ దగ్గర నిలబడింది. మధ్యాహ్నం నేను భోజనానికి లేచేసరికి లేదు. అదే ఊళ్ళో, మా ఆఫీసుకు రెండు వీధుల అవతల రెండేళ్ళ చదువు తరగతి నడుస్తోంది. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ దాని ముందు నుంచే సైకిలు మీద వెళ్ళేవాణ్ణి.

ఆ ఆదివారం అక్కయ్య వస్తే మాటల్లో చెప్పాను. ఇటువంటివాళ్ళు ఎంతమంది వస్తారో, ఏం చేయగలం అన్నట్టు. అక్కయ్య అడిగింది: "ఎక్కడికి పంపావురా?"

ఎక్కడికీ పంపలేదు అన్నాను.

అక్కయ్య ఇంకేమీ అనలేదు. కందిపప్పు ఏరుకుంటూ కూర్చుంది. మర్నాడు నుంచి ఆ ఊరి మహిళా మండలి చిరునామా, కుట్టు నేర్పే చోటు, నర్సుల శిక్షణకు ఎప్పుడు దరఖాస్తులు పిలుస్తారు అన్న వివరం చిన్న చిన్న చీటీల మీద రాసి కౌంటరు దగ్గర పెట్టుకున్నాను. మన పని కార్డు వరకే అని పైవారు ఒకరిద్దరు అన్నారు. చీటీలు అయిపోతే మళ్ళీ రాసుకున్నాను. బదిలీ అయిన ప్రతిచోటా మొదటి వారం ఆ ఊళ్ళో ఎవరు ఏం నేర్పుతున్నారో కనుక్కునే పని పెట్టుకున్నాను. ఆవిడ మాత్రం మళ్ళీ రాలేదు. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు.

తరువాతి కాలంలో దారులు కొన్ని పెరిగాయి. 1982లో హైదరాబాదులో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. బడి సర్టిఫికెట్టు లేనివారు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు అప్పట్లో కలగడం ఎంత పెద్ద మార్పో మా కౌంటరు దగ్గర కూర్చున్నవారికే తెలుస్తుంది. ఓపెన్ స్కూలు కూడా వచ్చింది. ఇవి మంచివే. కాని పుస్తకాలు పోస్టులో వస్తాయి, అటక మీద పడేసిన మూటను దించేవాళ్ళు పోస్టులో రారు. ఈ లోటు గురించి ఎవరైనా రాయవలసింది ఉంది. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజు సూపరింటెండెంటు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లకే పరిమితం కాకుండా పత్రికా ప్రకటన కూడా ఇచ్చి, అర్హులైనవారందరినీ పరిగణించాలని. న్యాయమే. అయితే ఆ తరువాత మా ట్రేల పలుకుబడి తగ్గింది. పేపరు కొనలేనివారు, కొన్నా ప్రకటన భాష అర్థం కానివారు మళ్ళీ ఎవరో ఒకరు చదివి చెప్పేవారి కోసం చూడవలసి వచ్చింది.

రిటైరైన మర్నాటి నుంచే అక్కయ్య తన ఇంటి అరుగు మీద ఆ పని మొదలుపెట్టింది. పేపర్లో ప్రకటన కత్తిరించి అట్టకు అంటించేది. వచ్చిన ఆడవాళ్ళకు చదివి చెప్పి, దరఖాస్తు నింపి, నకళ్ళ మీద సంతకం ఎవరి దగ్గర చేయించుకోవాలో చెప్పేది. అంగన్‌వాడీ పోస్టులు, ఆయా పోస్టులు, హాస్టలు వంటమనిషి పోస్టులు. అవే ఎక్కువ. పెద్ద ఉద్యోగాలు కావు. ఒక నోటు పుస్తకంలో వచ్చినవారి పేరు, ఊరు, దేనికి రాశారు అన్నది రాసుకునేది. వచ్చిందని కబురు తెలిస్తే పక్కన ఎర్ర సిరాతో టిక్కు. 2002లో నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. "ఎక్స్ఛేంజి మా అరుగు మీదికి వచ్చింది" అని నవ్వేది.

అక్కయ్య 2014 మాఘమాసంలో పోయింది. పుస్తకం నాకు ఇచ్చింది.

ఇప్పుడు దరఖాస్తులన్నీ కంప్యూటరులోనే. సెల్లుకు ఒక నంబరు వస్తుంది, రెండు నిమిషాల్లో కొట్టకపోతే మళ్ళీ మొదటికి. పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒకటి, ఆధారులో పెళ్ళయ్యాక ఇంటిపేరు ఒకటి. భర్త వదిలేసినవాళ్ళకు సెల్లు నంబరు భర్తదే ఉంటుంది, ఆ నంబరుకే ఓటీపీ పోతుంది. ఈ కొత్త చిక్కులు నాకు అర్థం కావు గాని, ట్రెజరీలో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరికి బాగా అర్థమవుతాయి. గెజిటెడ్ హోదాలో రిటైరైన ఇద్దరు సోదరీమణులు కూడా వస్తున్నారు. మంగళవారం, శుక్రవారం పదింటి నుంచి పన్నెండింటి దాకా సంఘం ఆఫీసు వరండాలో కూర్చుంటున్నాం. మన పెన్షనర్ల ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయిలే ముందు వచ్చారు, తరువాత వాళ్ళు ఇంకొకరిని తెచ్చారు. లెక్కలు చెప్పగలవారు ఒకరు కావాలి, ఓపెన్ స్కూలు పరీక్ష రాసేవాళ్ళు నలుగురున్నారు. మా మేనకోడలు, ఆ హాల్లో పెరిగిన పిల్లే, బ్యాంకులో రిటైరై, ఇంగ్లీషు చెప్పడానికి ఒప్పుకుంది.

నోటు పుస్తకం సంఘం బీరువాలో రెండో అరలో ఉంది. అక్కయ్య చేతిరాతతో ఉన్న ఆఖరి పుటలో ముగ్గురి పేర్లకు టిక్కులు లేవు. ఇద్దరి ఊళ్ళకు వెళ్ళి కనుక్కున్నాను. ఒకరికి అంగన్‌వాడీలో వచ్చిందట, ఎర్ర సిరా లేకపోతే నీలం సిరాతో పెట్టాను. ఒకరు ఊరు వదిలి వెళ్ళారన్నారు. మూడో ఊరు బస్సు దిగి మూడు మైళ్ళు నడవాలి. మోకాళ్ళు సహకరించడం లేదు. ఆ వైపు వెళ్ళే సభ్యులెవరైనా ఉంటే ఒకసారి నన్ను కలవండి, పేరు ఇస్తాను.